మావాడు తెలుగులో అడిగిన ప్రశ్న

ఆ ఆట గురించి మా విన్నిపెగ్ తెలుగువాళ్ళలో ఎవరు చెప్పినా చివరి కిక్కు దగ్గరే మొదలుపెడతారు. బంతి ఎలా లేచింది, గాలి దాన్ని ఎలా పక్కకి లాగేసింది, అయినా మనవాళ్ళు ఎలా గెలిచారు. పదమూడేళ్ళయింది. ఇప్పటికీ ఏ పుట్టినరోజు పార్టీలోనో, ఏ దసరా ఫంక్షన్‌లోనో ఎవరో ఒకరు ఆ కిక్కు సంగతి ఎత్తుతారు. ఎత్తి, నా వైపు తిరిగి, "మీకు చెప్పేదేముంది, మీరు అక్కడే ఉన్నారుగా" అంటారు. అక్కడే ఉన్నాను, నిజమే. కానీ ఆ కిక్కు నేను చూడలేదు. ఆ టైముకి స్టాండ్ల కింద ఒక చిన్న గదిలో మావాడి చెయ్యి పట్టుకుని, వాడు ఇప్పుడు నోరు తెరిస్తే ఏ భాషలో మాట్లాడతాడా అని వణుకుతూ కూర్చున్నాను.

తెలియనివాళ్ళ కోసం ముందు ఒక మాట. ఇక్కడ కెనడాలో ఫుట్‌బాల్ అంటే మనం అనుకునే ఫుట్‌బాల్ కాదు. పేరులో కాలు ఉంది గానీ ఆట చాలావరకు చేతులతోనూ భుజాలతోనూ, నా అనుమానం నిజమైతే తలలతోనూ ఆడతారు. కోడిగుడ్డు ఆకారంలో ఒక బంతి ఉంటుంది. దాన్ని చంకలో పెట్టుకుని ఒకడు పరిగెడతాడు, ఎదుటి జట్టువాళ్ళు వాడి మీద పడి కింద కూలేస్తారు. యూనివర్సిటీ జట్టులో ఆ కూలేసే పని మావాడిది. దానికి లైన్‌బ్యాకర్ అని ఒక పెద్ద పేరు. ఇరవై ఏళ్ళు పప్పన్నం కలిపి పెట్టి పెంచింది ఊళ్ళోవాళ్ళ పిల్లల మీద పడటానికా అని నేను అడిగితే, "అమ్మా, ఇట్స్ ఎ స్కిల్" అనేవాడు.

మొదటిసారి యూనిఫామ్‌లో చూసినప్పుడు మాత్రం నాకు ఒక విషయం తెగ నచ్చింది. ఆటగాళ్ళంతా కళ్ళ కింద నల్లగా పూసుకున్నారు. ఎండ కళ్ళల్లో కొట్టకుండా అట. నేను నమ్మలేదు. పోనీలే, వీళ్ళ అమ్మలకి కూడా దిష్టి సంగతి తెలుసన్నమాట అనుకున్నాను. మావాడికి అరికాల్లో నేను పెట్టే కాటుక చుక్క ఎలాగూ ఉండేది. ఆట ఉన్న రోజు పొద్దున్నే వాడు సాక్సు వేసుకునేముందు కాలు చాపేవాడు, నేను పెట్టేదాన్ని. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు. ఇన్నేళ్ళకి ఇప్పుడు చెప్పేస్తున్నాను.

నా భయం ఊరికే వచ్చింది కాదు. అంతకుముందు ఏడాది ప్రాక్టీసులో వాడి తలకి తగిలింది. కన్‌కషన్ అన్నారు. పుర్రె లోపల మెదడు అదిరిందన్నమాట. మూడు వారాలు కర్టెన్లు వేసుకుని గదిలో పడుకున్నాడు. వంటింట్లో గరిటె కింద పడితే చెవులు మూసుకునేవాడు. నేను హాస్పిటల్ ఫార్మసీలో పనిచేస్తాను. ఒకరోజు మెదడు డాక్టరొకాయన లిఫ్టులో దొరికితే వదల్లేదు. ఆయన నెమ్మదిగా చెప్పాడు. మొదటి దెబ్బకి భయపడకండి, అది తగ్గిపోతుంది. ఎప్పుడైనా ఇంకో దెబ్బ తగిలి, తగిలిన సంగతి ఎవరూ గమనించక, అది సర్దుకోకముందే దాని మీద మరొకటి పడిందా, అది చిన్నదైనా సరే, అప్పుడు మేము చేయగలిగింది పెద్దగా ఉండదు అన్నాడు. నాలుగో అంతస్తులో ఆయన దిగిపోయాడు. నేను దిగాల్సింది రెండో అంతస్తులో, మర్చిపోయి పైకీ కిందకీ తిరుగుతూ ఉండిపోయాను.

వాడికి తగ్గింది. పరీక్షలన్నీ చేసి ఆడొచ్చన్నారు. వద్దురా అని బతిమాలాను, అలిగాను, రెండు రోజులు వంట మానేశాను. "ఐయామ్ ఫైన్, అమ్మా" తప్ప వాడి నోట ఇంకో మాట రాలేదు. మా ఆయనతో చెప్పించబోతే ఆయన, "డాక్టర్లే ఓకే అన్నాక మనం ఏం చెప్తాం" అన్నారు. ఆయన కొత్త మిక్సీ కొంటే దానితో వచ్చిన పుస్తకం మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివే మనిషి. రాసిపెట్టి ఉన్నదాని మీద ఆయనకున్న నమ్మకం నాకు దేవుడి మీద కూడా లేదు.

అందుకని నేను మా సొంత గ్రౌండులో జరిగే ఏ ఆటా వదల్లేదు. అందరూ నన్ను వీరాభిమాని అనుకున్నారు. టీము టోపీ కూడా కొనిచ్చారు. నేను చూసే ఆట వేరు. బంతి ఎక్కడుందో, ఎవరికి ఎన్ని పాయింట్లో నాకు పట్టేది కాదు. మావాడు కింద పడగానే లోపల లెక్క మొదలుపెట్టేదాన్ని. ఒకటి, రెండు, మూడు. మామూలుగా మూడుకి లేచేవాడు. ఒక్కోసారి నాలుగు. ఒకసారి ఆరు దాకా వెళ్ళింది, ఆ రోజు ఇంటికొచ్చి నాకు జ్వరం తగిలింది. లేచాక మళ్ళీ పడేదాకా ఊపిరి పీల్చుకునేదాన్ని. మూడు గంటల ఆటలో నేను సుఖంగా ఉన్నది హాఫ్‌టైమ్ ఒక్కటే.

ఆ రోజు శనివారం, అక్టోబరు మొదట్లో. ఆట మధ్యాహ్నం ఒంటిగంటకి. ఎదుటి జట్టు ఆ సీజన్‌లో ఓడింది లేదు. మనవాళ్ళు సొంత గ్రౌండులో గెలిచింది లేదు. పేపర్లో కూడా ఎంత తేడాతో ఓడతామన్న దాని గురించే రాశారు. పొద్దున మావాడు నా కారు తీసుకుని తనే గ్రౌండుకి వెళ్ళాడు. మేము ప్రొఫెసర్ గారి కారులో వెళ్ళాం.

ప్రొఫెసర్ గారి గురించి చెప్పాలి. కరీంనగర్ వైపు మనిషి. ఇక్కడి నేలల మీద ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పి రిటైరయ్యారు. అంతకన్నా ముఖ్యం, ప్రతి ఆదివారం తన ఇంటి బేస్‌మెంట్లో పిల్లలకి తెలుగు నేర్పేవారు. మావాడు రెండేళ్ళు వెళ్ళి, ఋ దాకా వచ్చి, ఆ అక్షరం చూసి భయపడి మానేశాడు. ఆయన ఆ దెబ్బ మర్చిపోలేదు. "నా క్లాసుల అందరు పాసయిన్రమ్మా, మీవాడు తప్ప" అనేవారు, ఆ క్లాసులో పరీక్షలే లేకపోయినా. ఫుట్‌బాల్ ఎప్పుడూ చూడలేదు, ఒక్కసారి చూపించమంటే తీసుకొచ్చాం.

నిజానికి ఐదేళ్ళు వచ్చేదాకా వాడికి తెలుగు తప్ప ఇంకోటి రాదు. గలగలా మాట్లాడేవాడు. స్కూల్లో చేరిన ఆ చలికాలంలో ఎక్కడ పోయిందో పోయింది. ఒకరోజు నేను తెలుగులో అడిగినదానికి ఇంగ్లీషులో జవాబు చెప్పాడు. ముద్దుగా ఉందని నవ్వాను. ఆ నవ్వడమే నేను చేసిన తప్పు. ఆ తర్వాత తిట్టినా, లంచం పెట్టినా, పండక్కి బతిమాలినా, నేను తెలుగులో అడగడం, వాడు ఇంగ్లీషులో చెప్పడం. పదిహేనేళ్ళు అలాగే గడిచిపోయింది. అర్థమంతా అవుతుంది, నోట మాత్రం రాదు.

మా సీట్లు మొదటి వరసలో, సరిగ్గా మన జట్టు బెంచీ వెనక. మధ్యలో నడుం ఎత్తు గోడ, దాని మీద ఇనప పట్టీ. చెయ్యి చాపితే ఆటగాళ్ళ భుజాలు తగులుతాయి. ఆ సీట్లే కావాలని నేను పట్టుబట్టాను. గాలి విపరీతంగా ఉంది. టోపీలు ఎగిరిపోతున్నాయి. నేను రెండు శాలువాలు కప్పుకుని, పులిహోర పెట్టిన కూలర్ బ్యాగ్ కాళ్ళ దగ్గర పెట్టుకుని, లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.

హాఫ్‌టైముకి రెండు జట్లూ సమానంగా ఉన్నాయి. స్టాండ్లలో ఒక రకమైన గుసగుస మొదలైంది. ఇది జరగాల్సింది కాదు కదా అన్నట్టు జనం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. మూడో క్వార్టర్లో మనవాళ్ళు ఒక టచ్‌డౌన్ కొట్టి, అంటే బంతిని అవతలి గీత దాటించి, ఏడు పాయింట్లు ముందుకెళ్ళారు. అప్పుడిక కూర్చున్నవాడు లేడు. అల్యూమినియం బెంచీల మీద కాళ్ళతో తొక్కుతుంటే ఆ మోత నా పళ్ళల్లోకి వచ్చింది. మా ఆయన కూడా లేచి నిలబడ్డారు.

అప్పుడే ఎదుటివాళ్ళలో ఒక బలమైన కుర్రాడు బంతి పట్టుకుని సరాసరి మధ్యలోంచి వచ్చాడు. మావాడు ఎదురెళ్ళాడు. ఇద్దరూ పడ్డారు. ఒకటి, రెండు. రెండుకే లేచేశాడు. అంత తొందరగా ఎప్పుడూ లేవలేదు. లేచి, బాగానే ఉన్నానన్నట్టు బొటనవేలు కూడా చూపించాడు. హమ్మయ్య అనుకున్నాను. ఆ ఆనందంలో డబ్బా తీసి ప్రొఫెసర్ గారికి పులిహోర పెట్టాను, నేనూ రెండు ముద్దలు తిన్నాను. ఆ రెండు ముద్దలు గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకు కోపం వస్తుంది.

బంతి మనవాళ్ళ చేతికొచ్చింది, ఇక కూలేసేవాళ్ళకి కాసేపు విశ్రాంతి. మావాడు బెంచీ దగ్గరికొచ్చాడు. హెల్మెట్ తీసి మా ముందున్న గోడ మీద పెట్టాడు. నీళ్ళు తాగాడు. ఆట జరుగుతుండగా వాడు ఎప్పుడూ వెనక్కి తిరిగి చూడడు. అమ్మ ఉందని చూస్తే తోటివాళ్ళు ఏడిపిస్తారు. అలాంటిది ఇటు తిరిగాడు. కళ్ళ కింది నలుపు చెమటకి చెంపల మీదకి కారింది. సూటిగా నన్ను చూసి అడిగాడు.

"అమ్మా, బస్సొచ్చిందా?"

ప్రొఫెసర్ గారు చేతిలో ప్లేటు పక్కన పెట్టేశారు. "విన్నరా? ఎంత మంచిగ అన్నడో విన్నరా? నా క్లాసు ఊకెనే పోలేదు." ఆయన వెనక వరసలో ఉన్న మనవాళ్ళకి చెప్పారు. వాళ్ళకి ఇంకో అర్థం తోచింది. ఎదుటి జట్టువాళ్ళు ఊరికి తిరిగి వెళ్ళాల్సిన బస్సు వచ్చిందా, ఎక్కించి పంపించేద్దాం అని వెటకారమాడుతున్నాడట. అది వరస వరసకీ పాకింది, అందరూ పగలబడి నవ్వారు. "బస్సు రెడీగా ఉంది నాన్నా, నువ్వు కానియ్" అని ఎవరో అరిచారు.

వాడి మొహంలో వెటకారం లేదు. నిజంగానే అడుగుతున్నాడు. ఇది మా ఊరు, మా గ్రౌండు. పొద్దున వాడు నా కారు నడుపుకుంటూ వచ్చాడు. వీడికి ఏ బస్సు వస్తుంది?

ఆ ప్రశ్న నాకు తెలుసు. వాడికి ఐదేళ్ళప్పుడు, స్కూల్లో చేరిన కొత్తలో, చలి బూట్లు వేసుకుని, బ్యాగు తగిలించుకుని, ముందు గది కిటికీకి ముక్కు ఆనించి నిలబడేవాడు. రెండు నిమిషాలకోసారి అదే మాట. అమ్మా, బస్సొచ్చిందా? బస్సు రావాలని కాదు, రాకూడదని. ఆ పసుపుపచ్చ బస్సంటే వాడికి హడల్. ఆ గొంతు, చివర్లో అలా కొంచెం సాగదీయడం, అదే. ఇరవై ఏళ్ళ మగాడి గొంతులోంచి ఆ ఐదేళ్ళవాడు అడుగుతున్నాడు.

"ఏ బస్సు నాన్నా?" అన్నాను.

"నా బస్సు," అన్నాడు, ఇది కూడా తెలీదా అన్నట్టు.

అంతలో బంతి మళ్ళీ ఎదుటివాళ్ళకి పోయింది, కోచ్ పిలిచాడు. మావాడు అటు తిరిగి, "యా, కమింగ్" అన్నాడు. చక్కగా, మామూలుగా, ఇంగ్లీషులో. నాకు అసలు భయం అప్పుడు పట్టుకుంది. ఎందుకంటే అక్కడున్నవాళ్ళెవరికీ ఇక ఏమీ తెలియదు. వాళ్ళకి వినపడేది ఆ ఇంగ్లీషే. ఆ గ్రౌండు మొత్తంలో మావాడు తెలుగు మాట్లాడితే ఏదో తేడా జరిగిందని తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే అనిపించింది. లిఫ్టులో డాక్టరు చెప్పిన రెండో దెబ్బకి ఇంకో నిమిషమో రెండు నిమిషాలో ఉంది.

హెల్మెట్ కోసం వాడు చెయ్యి చాపాడు. నేను ముందే లాక్కున్నాను.

ఆలోచించి చేసింది కాదు. తీసి కూలర్ బ్యాగులో పులిహోర డబ్బా మీద కుక్కాను. జిప్పు పడలేదు. పైన శాలువా కప్పి, బ్యాగు ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులూ చుట్టేశాను. మావాడు గోడ మీద వెతికాడు, బెంచీ కింద వెతికాడు. మళ్ళీ నా మొహంలోకి చూశాడు గానీ ఏమీ అడగలేదు. తను దేనికోసం వెతుకుతున్నాడో అప్పటికే మర్చిపోయాడు.

"ఏం చేస్తున్నావ్?" అన్నారు మా ఆయన.

"మీరు నోరు మూసుకుని కూర్చోండి."

"అమ్మా, అది వాళ్ళ వస్తువమ్మా," అని ప్రొఫెసర్ గారు మెల్లగా నా చెవిలో చెప్పారు. "దొంగతనం అంటరు."

"అనుకోనివ్వండి."

మావాడి బదులు వేరే కుర్రాణ్ణి పంపించారు. సరిగ్గా మావాడు ఉండాల్సిన చోటు మీదుగా ఎదుటివాళ్ళు పరిగెత్తుకెళ్ళి టచ్‌డౌన్ కొట్టేశారు. ఆట సమానమైపోయింది. స్టాండ్లన్నీ ఒక్కసారి నీరుకారిపోయాయి. వెనక వరసలో మనవాళ్ళు ఒకరు చూసినట్టున్నారు, "ఆవిడ దగ్గరుంది హెల్మెట్, ఆవిడ దగ్గర" అనడం వినపడింది. పదిమంది తలలు నా వైపు తిరిగాయి. ఊరంతా తిట్టుకున్నా ఫరవాలేదనుకున్నాను. నా తల కొట్టినా ఆ బ్యాగు వదలనని గట్టిగా పట్టుకున్నాను.

హెల్మెట్ పోయిన గొడవ విని జట్టు థెరపిస్టు ఇటు వచ్చింది. ఆటగాళ్ళకి దెబ్బలు తగిలితే చూసుకునే అమ్మాయి. పొట్టిగా, ముప్ఫై ఏళ్ళుంటాయేమో, నడుముకి టేపు చుట్టలు వేలాడుతున్నాయి. నా ఒళ్ళో బ్యాగు చూసింది, శాలువా కింద గుండ్రంగా లేచి ఉన్నది చూసింది. ఏమైందని అడిగింది.

ఫార్మసీలో రోజుకి వందమందితో ఇంగ్లీషు మాట్లాడే నాకు ఆ క్షణంలో ఒక్క ముక్క రాలేదు. తలకి తగలడం నేను చూశానా? లేదు. వాంతి అయిందా? లేదు. తూలాడా? లేదు. నా దగ్గరున్నది ఒకటే. "హి స్పోక్ టు మి ఇన్ తెలుగు," అన్నాను.

ఆ అమ్మాయికి అర్థం కాలేదు. ప్రొఫెసర్ గారు సాయం చేద్దామని, "వెరీ గుడ్ తెలుగు, మేడమ్" అన్నారు. ఆయన్ని ఆ గోడ అవతలికి నెట్టేయాలనిపించింది.

అప్పుడు మా ఆయన లేచారు. ఇందాకటినుంచీ ఆయనా ఆ బస్సు మాట గురించే ఆలోచిస్తున్నట్టు మొహం తెల్లగా పాలిపోయి ఉంది. వాడు మాతో తెలుగు మాట్లాడడనీ, ఐదేళ్ళ వయసు నుంచి ఒక్క మాట కూడా మాట్లాడలేదనీ, ఇప్పుడు స్కూలు బస్సు వచ్చిందా అని అడిగాడనీ, ఒక్కొక్క మాటా విడదీసి ఇంగ్లీషులో చెప్పారు. అందరిముందూ అంత పొడుగ్గా ఆయన మాట్లాడటం నేను చూడటం అదే మొదలు.

ఆ అమ్మాయికి ఇప్పుడు అర్థమైంది. బ్యాగు మీద చెయ్యి వేసి, హెల్మెట్ మీ దగ్గరే ఉంచండి, ఎవరు అడిగినా ఇవ్వకండి, కోచ్ వచ్చినా సరే అంది. అనుమానం వస్తే మేము చేసేదీ ఇదే, ముందు హెల్మెట్ దాచేస్తాం అంది. వెళ్ళి మావాడి మోచెయ్యి పట్టుకుని నడిపించుకుపోయింది. వాడు చిన్నపిల్లాడిలా వెంట నడిచాడు. నన్ను కూడా రమ్మంది. తెలుగు అర్థమయ్యే మనిషి కావాలంది. బ్యాగు ప్రొఫెసర్ గారి ఒళ్ళో పెట్టి, ఎవరికీ ఇవ్వొద్దని చెప్పి వెళ్ళాను.

స్టాండ్ల కింద గది. ఒక మంచం, ఒక సింకు, ట్యూబులైటు. లైటు తీసేశారు. నెలల పేర్లు వెనకనుంచి చెప్పమంటే వాడు డిసెంబర్ అని ఆగిపోయాడు. ఇవాళ ఏ వారమంటే చెప్పలేకపోయాడు, ఏ ఊరి జట్టుతో ఆడుతున్నావంటే నన్ను చూశాడు. తర్వాత సింకులో వాంతి చేసుకున్నాడు. అంబులెన్సు పిలిచారు. థెరపిస్టు అమ్మాయి వాడి కళ్ళల్లోకి టార్చి వేసి చూస్తోంది, నేను చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. పైన వేలమంది కాళ్ళతో తొక్కుతున్నారు. తల మీదే తొక్కుతున్నట్టుంది. ఆ గోల ఆపమని అరవాలనిపించింది. ఇప్పటికీ ఆ రోజు అంటే నాకు ఆ తొక్కుడే.

"నేనెక్కను," అన్నాడు మావాడు.

పసివాడప్పుడు ఈ మాట అన్న ప్రతిసారీ, ఎక్కాలి నాన్నా, అందరూ ఎక్కుతున్నారు చూడు అని, ఏడుస్తుంటే ఏడుస్తుండగానే ఎత్తి ఆ బస్సు మెట్టు మీద నిలబెట్టినదాన్ని నేను. ఎక్కించి, ఇంట్లోకొచ్చి, కిటికీ దగ్గర నిలబడి ఏడ్చేదాన్ని. వాడికి ఆ సంగతి తెలియదు.

"వద్దులే నాన్నా, ఎక్కొద్దు," అన్నాను. "బస్సు వెళ్ళిపోయింది."

వాడు కళ్ళు మూసుకున్నాడు. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. పడుకుంటే మళ్ళీ లేస్తాడా? లేస్తే ఎవరు లేస్తారు, నా ఇరవై ఏళ్ళ కొడుకా, కిటికీ దగ్గరి పిల్లాడా? ఇన్నేళ్ళూ వాడి నోట తెలుగు రావాలని దండాలు పెట్టిన దేవుళ్ళందరికీ, తప్పయింది, నాకు తెలుగొద్దు, ఏమీ వద్దు, నన్ను ఇంగ్లీషులో ఎదిరించేవాణ్ణి నాకు తిరిగివ్వండి అని మొక్కుకున్నాను. వాడి చేతి మీద నా గోళ్ళ గుర్తులు పడ్డాయి.

పైన తొక్కుడు ఒక్కసారిగా ఆగిపోయింది. అంతమంది ఒకేసారి అయ్యో అన్నట్టు ఒక మూలుగు వినపడింది. తర్వాత ఒక్క క్షణం ఏమీ లేదు. ఆ తర్వాత పైకప్పు ఊడిపడుతుందేమో అన్నంత కేక.

మావాడు కళ్ళు తెరిచాడు. "వాట్ వాజ్ దట్?"

నేను ఏడవడం మొదలుపెట్టాను. "తెలీదు నాన్నా, ఏమైందో తెలీదు, నీకెలా ఉంది, నొప్పిగా ఉందా" అని ఆపకుండా వాగుతున్నాను.

"అమ్మా, ఇంగ్లీష్ ప్లీజ్. మై హెడ్ హర్ట్స్."

ఇంగ్లీషు అంత తియ్యగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

అంబులెన్సు ఎక్కిస్తుంటే ప్రొఫెసర్ గారు ఆయాసపడుతూ వచ్చారు. కూలర్ బ్యాగు ఆయన చేతిలో ఉంది, హెల్మెట్ దాంట్లోనే ఉంది. నేను చెప్పానని కోచ్ అడిగినా ఇవ్వలేదట. ఆట సమానంగా ఉండగా చివరి సెకన్లలో మనవాళ్ళు చాలా దూరం నుంచి గోలుకి కిక్కు కొట్టారు. గాలికి బంతి గోలు స్తంభాల పక్కనుంచి పోయింది. అందరూ అయ్యో అన్నారు. కానీ బంతి వెళ్ళి గ్రౌండు చివర గీత దాటి పడింది. అలా పడితే గోలు తప్పినా ఒక పాయింటు ఇస్తారు, కెనడా ఆటలో రూలు. ఆ ఒక్క పాయింటుతో గెలిచాం.

"తప్పినా గూడ మార్కు ఇచ్చిన్రమ్మా," అన్నారు ప్రొఫెసర్ గారు. ఆయన కళ్ళల్లో నీళ్ళున్నాయి. "నేను గూడ అట్ల ఇచ్చుంటే మీవాడు ఎప్పుడో పాసయ్యేటోడు." జరిగింది ఆయనకి అర్థమైందని నాకు అప్పుడు తెలిసింది.

స్కానింగ్‌లో పెద్ద ప్రమాదమేమీ కనపడలేదు. కానీ ఇక ఆడకూడదని డాక్టర్లు తేల్చి చెప్పారు. మావాడు ఆ మాట డాక్టర్లు అన్నట్టు తీసుకోలేదు, నేను అన్నట్టు తీసుకున్నాడు. "యూ స్టోల్ మై హెల్మెట్" అన్నాడు. ఆ చలికాలమంతా నాతో ఏ భాషలోనూ మాట్లాడలేదు. వాడి జీవితంలో అతి గొప్ప ఆట అది, మూడో క్వార్టర్ మధ్యనుంచి వాడికి ఏమీ గుర్తు లేదు. తర్వాత వీడియోలో చూసుకున్నాడు, ఎవరో తెలియనివాడి ఆట చూసినట్టు. అందులో ఒకచోట వాడు గోడ దగ్గర నిలబడి నాతో ఏదో అంటుంటాడు. శబ్దం లేదు. తెలుగులో ఏదో అన్నానట కదా అని చాలా రోజుల తర్వాత అడిగాడు. ఏదోలే అన్నాను. ఆ మాట మళ్ళీ నా నోటితో అంటే ఏమవుతుందో అని భయం. మా ఆయనకీ ప్రొఫెసర్ గారికీ కూడా చెప్పొద్దని గట్టిగా చెప్పాను.

ఇప్పుడు వాడు టొరంటో పక్కన మిస్సిసాగాలో ఉంటాడు. మందుల కంపెనీలో ఉద్యోగం. ముప్ఫై మూడేళ్ళు వచ్చాయి. నాలుగేళ్ళ కూతురుంది. దానికి నేర్పాలని తనే తెలుగు మొదలుపెట్టాడు, ఆన్‌లైన్ క్లాసులు. ఋ కూడా దాటేశాడట. పదిహేనేళ్ళు నేను ఏడ్చి మొత్తుకున్నది ఇప్పుడు వాడంతట వాడే చేస్తుంటే సంతోషించాలి కదా. ఫోన్లో "అమ్మా, తిన్నావా" అనగానే నేను, ఇవాళ ఏ వారం రా అని అడుగుతాను. వాడు నవ్వుతాడు. వాడికి అదొక వేళాకోళం. నాకు కాదు.

పోయిన నెల ఒక పొద్దున్న, నేను ఇంకా కాఫీ తాగుతుండగా ఫోన్ మోగింది. వాడి నంబరు. ఎత్తాను.

"అమ్మా, బస్సొచ్చింది."

గ్లాసు జారి కాఫీ కాళ్ళ మీద ఒలికింది. కాలిందని కూడా తెలియలేదు. నేను ఇంగ్లీషులో మొదలుపెట్టాను, ఆ థెరపిస్టు అమ్మాయి అడిగినట్టే. ఇవాళ ఏ వారం, ఏ నెల, ఎక్కడున్నావ్, కింద పడ్డావా, పక్కన ఎవరున్నారు.

"అమ్మా. అమ్మా, స్టాప్. మంగళవారం. సెప్టెంబర్. మా ఇంటి ముందు రోడ్డు మీద ఉన్నా. పాపకి స్కూలు ఫస్ట్ డే కదా. ఎక్కనని ఏడ్చింది. నేనే ఎత్తి ఎక్కించా. బస్సు వెళ్ళిపోయింది. నేనింకా ఇక్కడే నిల్చున్నా. ఏమైంది నీకు? నేనేమన్నా?"

అప్పుడు చెప్పాను. పదమూడేళ్ళు నోట్లో దాచుకున్నది మొత్తం. ఆ రోజు గోడ దగ్గర నువ్వు అడిగింది ఇదే, కింది గదిలో ఎక్కనన్నావు, వద్దులే అన్నాను, చిన్నప్పుడు మాత్రం నేనే ఎక్కించేదాన్ని, ఎక్కించి కిటికీ దగ్గర ఏడ్చేదాన్ని అని.

"డజ్ ఇట్ గో అవే?" అన్నాడు. "ఈ భయం?"

"మూడున్నరకి బస్సు తిరిగొస్తుంది కదా. అప్పుడు పోతుంది," అన్నాను. "మళ్ళీ రేపు పొద్దున వస్తుంది."

"సరే అమ్మా," అన్నాడు, తెలుగులోనే. ఏ వారం అని అడగకుండా ఉండటానికి చాలా కష్టపడ్డాను.